మైనరువే కదా, నేరం నువ్వే ఒప్పుకో అంటున్నారు

ఒడిశాలోని రాయగడ వైపు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేర్లు, ఊరి గుర్తులు తీసేసి విషయం మాత్రం చెబుతున్నాం.

ఆమె పెద్దకొడుకు ఒడియా బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివి మానేశాడు. ఏడాదిగా మేనమామ వెంట, అంటే ఈమె సొంత తమ్ముడి వెంట తిరుగుతున్నాడు. పాత బైకులు కొని అమ్మే పని అని ఇంట్లో అనుకున్నారు. 2025 అక్టోబరులో మేనమామ, అతని స్నేహితుడు, ఈ కుర్రాడు రెండు బైకుల మీద పార్వతీపురం వైపు వెళ్తూ, సరిహద్దు దాటాక పోలీసులకు దొరికారు. మూడు సంచుల్లో కలిపి 26 కిలోల గంజాయి. కుర్రాడి వీపున ఉన్న సంచిలో 8 కిలోలు. ఆ ట్రిప్పుకు వాడికి మూడు వేలు ఇస్తామన్నారట.

ఆధార్ కార్డులో వాడి పుట్టినరోజు 2006 జనవరి 1. అది చూసి ఎఫ్‌ఐఆర్‌లో వయసు 19 అని రాశారు. బడిలో చేర్చినప్పుడు రాయించింది 2008 జూన్. వాడిప్పుడు మేనమామతో పాటు ఆంధ్రాలో ఒక సబ్ జైల్లో ఉన్నాడు.

ఇంట్లో తలో మాట. భర్త: "ఉండనీ, రెండేళ్లుంటే బుద్ధొస్తుంది." తెలిసినాయన ఒకరు: "పదిహేను వేలిస్తే వాడికి పదిహేనేళ్లే అని బర్త్ సర్టిఫికెట్ పుట్టిస్తాను." తమ్ముడి భార్య వచ్చి కాళ్ల మీద పడింది: "వదినా, వాడు మైనరు. సంచులన్నీ నావేనని వాడు ఒప్పుకుంటే మూణ్ణెల్లలో ఇంటికొస్తాడు. మీ తమ్ముడికైతే ఇరవై ఏళ్లు పడుతుంది. నా పిల్లలు చిన్నవాళ్లు. లాయరు ఖర్చంతా మేమే పెట్టుకుంటాం." ఇక ఇరుగుపొరుగు, మైనర్లకు శిక్షలు లేకపోబట్టే ఇలా తయారవుతున్నారని ఈమెకు వినపడేలాగే అంటున్నారు. "కొడుకు, తమ్ముడు ఇద్దరూ నావాళ్లే. ఎవరి మాట వినను? అసలు ఈ వయసు పిల్లలకు చట్టం ఏం చేయాలి, ఏం చేస్తుంది?" అని అడిగారు.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు చిక్కులున్నాయి. అన్నిటికీ ఒకేసారి జవాబు వెతుక్కోకండి. ముందు తేలాల్సింది వయసు. అది తేలేదాకా మీ మరదలి మాట, మీ ఆయన కోపం, బెయిలు, ఏదీ కదలదు.

కోర్టు కాగితాల్లో మీవాడు ఈరోజు పెద్దవాడు. పెద్దవాళ్లకు గంజాయి కేసులో, అందులోనూ 20 కిలోలు దాటితే, మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. ఇతను నేరం చేసి ఉండడని నమ్మే కారణం కోర్టుకు కనిపిస్తే తప్ప బెయిలు రాదు. అదే పద్దెనిమిది నిండని పిల్లవాడైతే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ కింద లెక్క తిరగబడుతుంది. అక్కడ బెయిలు ఇవ్వడమే మామూలు, నిరాకరించాలంటే కారణాలు రాయాలి. మిగతా చట్టాల్లో ఏమున్నా సరే ఇదే వర్తిస్తుందని ఆ సెక్షన్లోనే ఉంది. అందుకే వయసు తేలకుండా బెయిలు పిటిషన్ వేయించకండి. కొట్టేస్తే నెలలు పోతాయి.

నేరం జరిగిన రోజున ఎన్నేళ్లు అన్నదే లెక్క. 2026 జూన్‌లో వాడికి పద్దెనిమిది నిండినా కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు చూసే బోర్డు) దగ్గరే నడుస్తుంది. జువెనైల్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వయసు సంగతి ఏ దశలోనైనా, ఏ కోర్టులోనైనా లేవనెత్తవచ్చు. పిటిషన్ మాత్రం ఇప్పుడు రిమాండు చూస్తున్న కోర్టులోనే వేయాలి. ఉత్త అఫిడవిట్ చాలదు, సాక్ష్యం చూపాలి.

ఏ కాగితానికి ముందు విలువ అన్నది 94వ సెక్షన్ వరస పెట్టింది. మొదట బడి ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరసలో లేదు. పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో ఈ సెక్షన్నే చూపి చెప్పింది. తేదీ కాగితం లేకుండా ఆధార్ తీయించినప్పుడు జనవరి 1 అని పడటం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే, కానీ ఆ మాట లాయరు కోర్టులో గట్టిగా చెప్పాలి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బడి టీసీ జిరాక్సు ఒకటి పట్టుకెళ్లి అదే చాలనుకుంటారు. టీసీ, అడ్మిషన్ రిజిస్టరు నకలు 94వ సెక్షన్ అడిగిన కాగితాలు కావని 2023లో సుప్రీంకోర్టు ఒక కేసులో పక్కన పెట్టింది. మీరు వాడు మొదట ఒకటో తరగతిలో చేరిన బడికి వెళ్లండి, చివర చదివిన హైస్కూలుకు కాదు. పుట్టినతేదీ సర్టిఫికెట్ అని పేరు పెట్టి, హెడ్మాస్టరు సంతకంతో, ముద్రతో, రిజిస్టరులో ఏ వరస నంబరు చూసి ఇస్తున్నారో రాసి ఇవ్వమనండి. అసలు రిజిస్టరుతో హెడ్మాస్టరును సాక్షిగా పిలవమని లాయరు కోర్టును అడగాలి. మీ కాగితాలన్నీ ఒడియాలో, ఒడియా అంకెల్లో ఉంటాయి. ఆంధ్రా కోర్టులో అవి చదివేవారు ఉండకపోవచ్చు. తెలుగులోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి, నోటరీ చేయించి, అసలుతో కలిపి ఇవ్వండి. ఈ చిన్న పని మరిచి రెండు వాయిదాలు పోగొట్టుకోవద్దు.

పదిహేను వేల సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి. పదహారు దాటకపోతే పెద్దవాడిలా విచారించే ప్రశ్నే రాదు కాబట్టి ఆయన ఆ సలహా ఇచ్చాడు. కానీ అరెస్టయ్యాక పుట్టిన సర్టిఫికెట్‌ను ఏ జడ్జీ అయినా అనుమానంగానే చూస్తాడు. బడి రిజిస్టరులో 2008, ఆ కాగితంలో 2010 ఉంటే రెండూ నమ్మదగనివే అవుతాయి. అప్పుడు మిగిలేది ఎముకల పరీక్ష. అది ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చెబుతుంది, పదిహేడేళ్లవాడు పంతొమ్మిదిగా తేలవచ్చు. పైగా దొంగ కాగితం పెట్టినందుకు మీ మీద వేరే కేసు. మీ దగ్గరున్న నిజం మీవాణ్ణి కాపాడటానికి సరిపోతుంది, దాన్ని చెడగొట్టుకోకండి.

పిటిషన్‌తో పాటే, వయసు తేలేదాకా వాణ్ణి పెద్దల జైల్లో కాకుండా సురక్షిత స్థలానికి మార్చమని అడగండి. దీనికీ 9వ సెక్షన్లోనే వీలుంది. ఆ జిల్లా జువెనైల్ జస్టిస్ బోర్డుకు కూడా ఒక అర్జీ పెట్టండి. జైళ్లలో పిల్లలెవరైనా ఉన్నారేమో చూసి వెంటనే మార్పించడం ఆ బోర్డు విధుల్లో ఒకటి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లలకు, ఆడవాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు ఆంధ్రాలో ఉంది కాబట్టి అక్కడి సంస్థ దగ్గరకే వెళ్లాలి, రాయగడలో కాదు.

ఇక మీ మరదలి మాట. ఆమెను తప్పుపట్టను, భర్త కోసం ఏ తలుపైనా తడుతుంది. కానీ ఆమెకు ఎవరో చెప్పిన లెక్క పూర్తిగా తప్పు.

గంజాయిలో కిలో దాకా చిన్న మోతాదు. 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు, దానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు, కనీస శిక్ష అంటూ లేదు. జువెనైల్ చట్టంలో ఘోర నేరం అంటే కనీస శిక్ష ఏడేళ్లో అంతకన్నా ఎక్కువో ఉన్నది. కనీసం లేకుండా గరిష్ఠం మాత్రమే ఏడేళ్లు దాటితే అది తీవ్ర నేరమే, ఘోర నేరం కాదు. 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది, తర్వాత 2021 సవరణలో చట్టంలోకే ఎక్కింది. మీవాడికి పదహారు దాటాయి. నేరం ఘోరమైనదైతే 15వ సెక్షన్ కింద, వాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అని బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. తీవ్రమైనదే అయితే ఆ ప్రశ్నే లేదు, ఎంత చేసినా మూడేళ్లకు మించి, పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌లో ఉంచలేరు.

అర్థమైందా అమ్మా? వాడి సంచిలో 8 కిలోలు. అదొక్కటే వాడిదైతే తీవ్ర నేరం. మూడు సంచులూ నావే అంటే 26 కిలోలు, ఘోర నేరం. మూణ్ణెల్లలో ఇంటికి తెస్తుందన్న ఆ అబద్ధమే వాణ్ణి గీత దాటిస్తుంది. కేసు పిల్లల కోర్టుకు వెళ్లి, అక్కడ పెద్దవాడిలా విచారించి శిక్ష వేస్తే, ఇరవై ఒకటి నిండేదాకా సురక్షిత స్థలంలో, ఆ తర్వాత జైల్లో ఉండాల్సి రావచ్చు. నేరచరిత్ర చెరిగిపోయే రక్షణ కూడా వాడికి ఉండదు.

ముగ్గురూ కలిసి కుట్ర చేశారని పోలీసులు ఎన్డీపీఎస్ చట్టం 29వ సెక్షన్ చేర్చి, 26 కిలోలూ అందరి మీదా వేసే అవకాశం ఉంది. అది లాయరు కొట్లాడాల్సిన చోటు. ఎవరి దగ్గర ఏ సంచి దొరికిందని పంచనామాలో రాశారు, తూకం ఎలా వేశారు, పూతమొగ్గలు లేని ఆకులు, గింజలు కలిపి తూచారా (చట్టం ప్రకారం అవి విడిగా గంజాయి కిందికి రావు), అదే చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీశారా. ఇవన్నీ అడగాలి. కొడుకే అన్నీ నావని సంతకం పెట్టాక ఇవి అడగడానికి చోటుండదు.

ఇంకో నష్టం ఉంది. ప్రాథమిక అంచనాలో బోర్డు చూసేవి: ఆ నేరం చేయగల మానసిక, శారీరక శక్తి వాడికి ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు. ఈ చివరిదే మీవాడికి బలం. చదువు మానేసిన పిల్లాణ్ణి సొంత మేనమామ వెంట తిప్పుకుని, మూడు వేలు ఆశ చూపి, సంచి వీపుకు తగిలించాడు. అబద్ధం చెబితే ఆ పరిస్థితి మాయమై, 26 కిలోల వ్యాపారం ఒంటరిగా నడిపిన పదిహేడేళ్ల ఆరిందా మిగులుతాడు. బోర్డులో మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటివారి సాయం తప్పక తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నివేదిక ప్రతిని మీ లాయరు అడగాలి. బోర్డు నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆ ప్రశ్నలకు జవాబులు మాత్రం ఇంట్లో కూర్చుని నేర్పించకండి. నేర్పిన మాట నిపుణులకు ఇట్టే తెలిసిపోతుంది.

తమ్ముడి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, కొడుకు అన్నీ మీద వేసుకోవడం. దాని ఫలితం పైన చెప్పాను, దానివల్ల మీ తమ్ముడు బయటపడతాడన్న హామీ కూడా లేదు, అతని సంచి అతని దగ్గరే దొరికింది కాబట్టి. రెండోది, మౌనం. కొడుకు నేరం ఒప్పుకోడు, మేనమామ మీద చెప్పడు, పోలీసులు రుజువు చేసుకోవాలి. ఇది వాడి హక్కు. పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. మాదకద్రవ్యాల అధికారులు రాసుకున్నది కూడా అంతేనని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసు తీర్పు. కుటుంబం చీలదు. కానీ వాడు ఎవరి చేతిలో పావు అయ్యాడో బోర్డుకు పూర్తిగా తెలియదు. మూడోది, జరిగింది జరిగినట్టు చెప్పడం. పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించిన పెద్దలకు జువెనైల్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా ఉంది. పిల్లవాడికి సరుకు ఎవరిచ్చారో పోలీసులు ఆరా తీసి కేసు కట్టాలని నిబంధనలున్నాయి. బోర్డు అవసరమనుకుంటే వాణ్ణి రక్షణ అవసరమైన బిడ్డగా బాలల సంక్షేమ కమిటీకీ పంపవచ్చు. కొడుక్కు ఇది అన్నిటికన్నా మేలు. తమ్ముడికి ఇంకో కేసు, మీకు పుట్టింటితో తెగతెంపులు.

రెండోదా మూడోదా అన్నది మీరూ మీ కొడుకూ లాయరుతో కూర్చుని తేల్చుకోవాలి, ఇవాళే తేల్చనక్కర్లేదు. మొదటిది మాత్రం వద్దని గట్టిగానే చెబుతాను. చట్టం పిల్లవాడికిచ్చిన ఊరట పిల్లవాడికే చెందాలి. దాన్ని పెద్దలు తమ నేరానికి వాడుకోవడం చూసీచూడనట్టు ఊరుకుంటే, రేపు ఇంకో ఇంటి పిల్లాడి వీపుకు ఇంకో సంచి ఎక్కుతుంది. గంజాయి మోయించేవాళ్లు పదిహేడేళ్లవాళ్లనే వెతుక్కునేది ఈ "మైనరువే కదా" అన్న మాట పట్టుకునే.

ఏ దారి ఎంచుకున్నా లాయరు వేరుగా ఉండాలి. తమ్ముడికీ కొడుక్కీ లాభం ఒకే దిక్కున లేదు. ఇద్దరికీ ఒకే లాయరుంటే, ఆ లాయరు ఫీజు మీ మరదలు కడుతుంటే, మీవాడి మాట మాట్లాడేవారే ఉండరు. పిల్లవాడి కేసును పెద్దవాళ్ల కేసుతో కలిపి నడపకూడదని 23వ సెక్షన్ ఉంది, వయసు తేలగానే విడదీయమని అడగండి. మీ మరదలికి కూడా ఉచిత లాయరు దొరుకుతుందని చెప్పండి, ఆమె భయం కొంతైనా తగ్గుతుంది. అటునుంచి బెదిరింపులు వస్తే దాచుకోకుండా బోర్డుకు రాసివ్వండి.

మీ ఆయనతో ఈ మాట చెప్పండి. ఆయన కోపం న్యాయమే. కొడుకు డబ్బుకు ఆశపడ్డాడు, తెలిసో సగం తెలిసో సంచి మోశాడు, దానికి జవాబుదారీ ఉండాలి. కానీ సబ్ జైల్లో వాడు పొద్దస్తమానం కూర్చునేది ఎవరితో? తనను ఈ పనికి తీసుకెళ్లినవాళ్లతోనే. అక్కడ నేర్చుకునేది బుద్ధి కాదు, పై ట్రిప్పు ఎలా దొరక్కుండా వేయాలో. బోర్డు దగ్గర ఆయన కోరుకునే క్రమశిక్షణకు చోటుంది. సామాజిక సేవ చేయించవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, ప్రొబేషన్ మీద ఉంచి తప్పక బడికో వృత్తి శిక్షణకో వెళ్లమనవచ్చు, ఫలానా చోటికి వెళ్లొద్దని ఆంక్ష పెట్టవచ్చు. వాడికి కూడా అలవాటైందేమోనని మీరు అనుమానపడ్డారు, అదే నిజమైతే మత్తు మాన్పించే కేంద్రానికి పంపమని బోర్డును అడగవచ్చు. ఒక్క జాగ్రత్త: "ఉండనీ" అన్న మాట ఆయన, ఇంటి పరిస్థితి ఆరా తీసి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి ముందు అంటే, తల్లిదండ్రులు బిడ్డను తీసుకోవడానికి సిద్ధంగా లేరని నివేదికలో పడుతుంది. బెయిలుకు అది పెద్ద అడ్డంకి.

ఆ నివేదికే బెయిలుకు ప్రాణం. వదిలేస్తే మళ్లీ నేరస్థుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు నమ్మితే బెయిలు ఇవ్వదు. మీ తమ్ముడి ఇల్లు మీ పక్కవీధే అని రాశారు. సరిగ్గా ఇదే అడుగుతారు. కాబట్టి వాడు ఎక్కడ ఉంటాడో ముందే తేల్చుకోండి. పర్లాకిమిడిలో మీ అక్క ఉందన్నారు కదా, ఆమె ఒప్పుకుంటే ఆ చిరునామా, ఆమె రాతపూర్వక అంగీకారం, అక్కడ ఓపెన్ స్కూల్లోనో ఏదైనా పనిశిక్షణలోనో చేర్చే ఏర్పాటు కాగితం మీద చూపించండి. బెయిలు షరతులు తీర్చలేక ఏడు రోజులు దాటితే, వాటిని మార్చమని వాణ్ణి మళ్లీ బోర్డు ముందు హాజరుపరచాలి. పూచీకత్తు దొరకలేదని నెలల తరబడి లోపల ఉంచకూడదు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలని చట్టం చెబుతుంది, పొడిగింపులుంటాయి, కాస్త ఓపిక పట్టాలి. కేసును రాయగడకు మార్చమని అడగాలని మీకు అనిపించవచ్చు. విచారణ పూర్తయి తుది ఉత్తర్వు వచ్చాకే పిల్లవాణ్ణి సొంత జిల్లాకు పంపే వీలుంది, అందాకా ఆంధ్రాకు తిరగక తప్పదు.

ఇరుగుపొరుగు అన్నదానికి రెండు మాటలు. మన దేశంలో 1986 చట్టం మగపిల్లలకు పదహారేళ్ల దాకే రక్షణ ఇచ్చింది, 2000లో పద్దెనిమిదికి పెంచారు. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఈ వయసు తగ్గించాలని దేశమంతా అడిగింది. అంత ఆగ్రహంలోనూ, ఆ ఘటన తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ వర్మ కమిటీ తగ్గించమని సిఫారసు చేయలేదు. 2015లో మధ్యేమార్గంగా ఈ 15వ సెక్షన్ వచ్చింది. మైనర్లకు శిక్ష లేదన్నది నిజం కాదు, శిక్ష పేరు, చోటు, ఉద్దేశం వేరు. పదిహేడేళ్లవాడు చెడు తెలిసే చేస్తాడు, కానీ మేనమామ రమ్మంటే రానని చెప్పే నిబ్బరం ఆ వయసులో చాలామందికి ఉండదు, అదే పిల్లవాడు పాతికేళ్లకు పూర్తిగా వేరే మనిషి కావచ్చు. చట్టం ఆ పాతికేళ్ల మనిషికి దారి మూసేయకూడదన్నది నా గట్టి నమ్మకం. పిల్లవాడిగానే విచారణ ముగిస్తే 24వ సెక్షన్ కింద ఉద్యోగానికీ దేనికీ అనర్హత ఉండదు, అప్పీలు గడువు దాటాక రికార్డులు తీసేయాలి. వాడి పేరు, ఫొటో పేపర్లో వేయడం కూడా నేరమే. ఎవరైనా వాట్సాప్‌లో తిప్పుతుంటే ఆ మాట చెప్పి ఆపించండి.

ఈసారి ములాఖత్‌కు వెళ్లినప్పుడు వాడికి చెప్పాల్సినవి ఎక్కువ లేవు. లాయరు పక్కన లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని, మేనమామ ఏం చెప్పినా అమ్మతో మాట్లాడాకే జవాబిస్తానని అనమని చెప్పండి. ఇప్పటిదాకా దేనిమీదైనా సంతకం పెట్టాడేమో, అప్పుడు ఎవరెవరున్నారో అడిగి, తేదీలతో రాసుకుని అదే రోజు లాయరుకు ఇవ్వండి.